ఒక్క మెతుకు చాలదు!

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నేను కంప్యూటర్‌లో లెక్కగట్టే పదార్థం దగ్గర మాత్రం ఆ మాట చెల్లదు.

దాని పేరు గ్రాఫీన్. పెన్సిల్ లెడ్‌లో ఉండే గ్రాఫైట్ నుంచి తీసిన, ఒకే ఒక్క పరమాణువు మందమున్న పొర. ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ 2004లో మాంచెస్టర్‌లో మామూలు టేపుతో దీన్ని ఊడదీశారు. 2010లో నోబెల్ కొట్టేశారు!

గ్రాఫీన్ కరెంటును అద్భుతంగా మోస్తుంది. చిక్కల్లా ఏంటంటే, ఆపమంటే ఆపదు. ఫోన్ చిప్‌లో ట్రాన్సిస్టర్ అంటే స్విచ్చే కదా! అది పూర్తిగా ఆఫ్ కావాలంటే ఎలక్ట్రాన్లకు 'బ్యాండ్ గ్యాప్' అనే అడ్డు ఉండాలి. గ్రాఫీన్‌లో ఆ గ్యాప్ సున్నా.

అందుకే డోపింగ్. అక్కడక్కడా కార్బన్‌ను తీసేసి బోరాన్ గానీ నైట్రోజన్ గానీ పెడతాం. బోరాన్‌కి ఒక ఎలక్ట్రాన్ తక్కువ, నైట్రోజన్‌కి ఒకటి ఎక్కువ. మరి గ్యాప్ వస్తుందా? ల్యాబ్ కంటే ముందు కంప్యూటర్‌ని అడుగుతాం. వాల్టర్ కోన్ 1960ల్లో పునాది వేసిన 'డెన్సిటీ ఫంక్షనల్ థియరీ' మా ఆయుధం. క్వాంటమ్ ఎస్ప్రెస్సో లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. పొర మొత్తాన్ని లెక్కగట్టడం ఏ కంప్యూటర్ తరమూ కాదు. అందుకే చిన్న ముక్క తీసుకుని, చుక్కల ముగ్గులో ఒకే డిజైన్ తిరిగి తిరిగి వేసినట్టు, నాలుగు వైపులా దాన్నే రిపీట్ చేస్తాం. 8 పరమాణువుల ముక్కలో ఒకటి మారిస్తే డోపింగ్ 12.5 శాతం. 50లో ఒకటైతే 2 శాతమే. పైగా నిజమైన పొరలో బోరాన్లు చెల్లాచెదురుగా ఉంటాయి. మన లెక్కలో మాత్రం అసెంబ్లీలో పిల్లల్లా బారులు తీరతాయి. ఒక్కోసారి ఆ వరుస వల్లే గ్యాప్ పుట్టుకొస్తుంది. అది పదార్థం గుణం కాదు, మన ముగ్గు గుణం!

తేల్చుకోవాలంటే ముక్కను పెంచాలి, బోరాన్ల చోట్లు మార్చి మార్చి చూడాలి. అదేమో ఖరీదైన పని. పరమాణువులు రెట్టింపైతే లెక్కకు పట్టే సమయం సుమారు ఎనిమిది రెట్లవుతుంది. అయినా తప్పదు. నా నంబర్ నమ్మి ల్యాబ్‌లో ఇంకొకరు నెలల తరబడి కష్టపడతారు మరి.

ఇకపై 'సిలికాన్ పని అయిపోయింది, గ్రాఫీన్ చిప్ వచ్చేస్తోంది' అని ఫోన్‌లో హెడ్డింగ్ కనబడితే, షేర్ కొట్టేముందు ఒక్క ప్రశ్న వేయండి: ఇది ల్యాబ్‌లో కొలిచిందా, కంప్యూటర్ లెక్కా? లెక్కే అయితే, ఎన్ని పరమాణువుల ముక్క మీద?