ఒకే పళ్లెంలో తింటే కేన్సర్ వస్తుందా? వైరస్, మలేరియా, మన ఒంట్లోని కాపలా

ఇంట్లో ఒక పిల్లాడికి కేన్సర్ అని తేలితే, ఆస్పత్రి ఖర్చుల లెక్క ఇంకా మొదలు కాకముందే ఒక ప్రశ్న వంటింట్లోకి వచ్చేస్తుంది. "వాడి పళ్లెం వేరే పెట్టాలా?" అని. గట్టిగా ఎవరూ అడగరు. దస్తర్‌ఖాన్ మీద అందరూ ఒకే పెద్ద పళ్లెంలో చెయ్యి పెట్టి తినే ఇంట్లో, ఆ పిల్లాడి ముందు మాత్రం ఓ చిన్న ప్లేటు వేరేగా వస్తుంది. గ్లాసు వేరే, తువ్వాలు వేరే. ఎందుకని వాడు అడగకపోవచ్చు. కానీ వాడికి అర్థమవుతుంది.

ఈ భయం ఊరికే పుట్టలేదు. "కొన్ని కేన్సర్లకు వైరస్ కారణం" అనే మాట టీవీలో, వాట్సాప్‌లో అందరూ వింటున్నారు. ఆ మాట నిజమే. కానీ అది సగం నిజం. మిగతా సగం తెలియాలంటే 1950ల్లో ఉగాండాలో పిల్లలకు వచ్చిన ఒక జబ్బు గురించి తెలుసుకోవాలి.

దవడ వాపు ఎక్కడెక్కడ ఉంది?

1957లో ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆస్పత్రిలో డెనిస్ బర్కిట్ అనే ఐర్లండ్ సర్జన్ పనిచేసేవాడు. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంలో ఆయనకు ఒక కన్ను పోయింది. ఒకరోజు ఓ చిన్న పిల్లాడిని ఆయనకు చూపించారు. దవడలు రెండు వైపులా వాచిపోయి ఉన్నాయి. పంటి చీము కాదు, మామూలు గడ్డా కాదు. కొన్నాళ్లకు జింజా అనే మరో ఊరి ఆస్పత్రికి వెళ్తే అక్కడా ఇంకో బిడ్డకు అచ్చం అదే వాపు. ఆయన పాత రికార్డులు తిరగేశాడు. ఇలాంటి పిల్లలు చాలామందే ఉన్నారని, కొందరికి కడుపులో కూడా గడ్డలున్నాయని తేలింది. 1958లో ఈ సంగతి ఒక వైద్య పత్రికలో రాశాడు. ఈ కేన్సర్‌నే ఇప్పుడు బర్కిట్ లింఫోమా అంటున్నారు. ఇది తెల్ల రక్తకణాల్లో పుట్టే కేన్సర్. ఎంత వేగంగా పెరుగుతుందంటే, గడ్డ ఒకట్రెండు రోజుల్లోనే రెట్టింపు కావచ్చు.

ఈ జబ్బు ఆఫ్రికా అంతటా ఉందా, కొన్ని చోట్లేనా? అది తేల్చుకోవడానికి 1961లో ఆయన మరో ఇద్దరు డాక్టర్లతో కలిసి ఒక పాత కారులో దాదాపు 16,000 కిలోమీటర్లు తిరిగాడు. ఊరూరా ఆస్పత్రులకు వెళ్లి, ఫొటోలు చూపించి, "ఇలాంటి పిల్లలు మీ దగ్గరికి వస్తున్నారా?" అని అడిగాడు. జవాబులన్నీ మ్యాప్ మీద పెడితే విషయం తెలిసింది. వేడి, వాన బాగా ఉన్న చోట జబ్బు ఉంది. చల్లటి ఎత్తు ప్రాంతాల్లో లేదు. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల మ్యాప్ కూడా దాదాపు ఇదే.

పారేయబోయిన శాంపిల్

1961 మార్చిలో బర్కిట్ లండన్‌లో ఉపన్యాసం ఇస్తే, వింటున్నవాళ్లలో ఆంథొనీ ఎప్‌స్టీన్ అనే పరిశోధకుడు ఉన్నాడు. దీని వెనక వైరస్ ఉండొచ్చని ఆయనకు అనిపించింది. కంపాలా నుంచి గడ్డల ముక్కలు విమానంలో తెప్పించుకుని చూస్తూ వచ్చాడు. రెండేళ్లు దాటినా ఏమీ దొరకలేదు.

1963 డిసెంబర్‌లో పొగమంచు వల్ల విమానం లండన్‌కు బదులు మాంచెస్టర్‌లో దిగింది. శాంపిల్ ఆలస్యంగా చేరింది. సీసాలో ద్రవం మసకబారి ఉంది. బ్యాక్టీరియా పట్టి పాడైపోయిందనుకుని పారేసేవాళ్లే. ఎందుకైనా మంచిదని మైక్రోస్కోప్ కింద పెడితే, ఆ మసక బ్యాక్టీరియా కాదు, గడ్డ నుంచి విడిపోయి తేలుతున్న బతికున్న కణాలు. వాటిని ల్యాబ్‌లో పెంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూశారు. లోపల వైరస్ ఉంది. 1964లో ఎప్‌స్టీన్, బర్ట్ అచాంగ్, వైవాన్ బార్ ముగ్గురూ కలిసి ఈ సంగతి ప్రకటించారు. మనిషి కేన్సర్‌తో ముడిపడ్డ వైరస్ దొరకడం అదే మొదటిసారి. దాని పేరు ఎప్‌స్టీన్-బార్ వైరస్, పొట్టిగా ఈబీవీ.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నవాళ్లకు తర్వాత పెద్ద ఆశ్చర్యం ఎదురైంది. రక్త పరీక్షలు చేస్తూ పోతే ఈ వైరస్ ఒక్క ఆఫ్రికాలోనే కాదు, లోకమంతా ఉంది. పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా మందికి ఇది ఎప్పుడో ఒకప్పుడు సోకింది. ఎక్కువగా లాలాజలం ద్వారా వస్తుంది. అమ్మీ ముద్ద నమిలి పెట్టినా, నానీ ముద్దు పెట్టుకున్నా, పిల్లలు ఒకే గ్లాసులో తాగినా వస్తుంది. ఒకసారి వచ్చిందంటే జీవితాంతం ఒంట్లోనే ఉంటుంది. ఇది చదువుతున్న మీలో, రాస్తున్న నాలో ఉండటం దాదాపు ఖాయం.

అంటే మొదటి ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే దొరికింది. ఎంగిలి ద్వారా వచ్చేది వైరస్, కేన్సర్ కాదు. ఆ పిల్లాడి పళ్లెంలో తినకపోయినా ఆ వైరస్ మన దగ్గర ముందే ఉంది. మరి అందరిలో ఊరుకున్న వైరస్ ఆ పిల్లల్లోనే ఎందుకు కేన్సర్ దాకా తీసుకెళ్లింది?

కాపలా ఎక్కడ సడలింది?

ఈబీవీ దాక్కునేది బి కణాలనే తెల్ల రక్తకణాల్లో. ఇవి మనకు యాంటీబాడీలు తయారుచేసే కణాలు. వైరస్ వాటిలో నిద్రపోతూ ఉంటుంది. లేచిందంటే పట్టుకోవడానికి టి కణాలనే ఇంకో రకం తెల్ల కణాలు రాత్రింబగళ్లు కాపలా కాస్తుంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ కాపలా ఏళ్ల తరబడి సరిగ్గా సాగుతుంది. మనకు తెలియను కూడా తెలియదు.

ఇప్పుడు మలేరియా సంగతి. ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. దోమ కాటుతో రక్తంలోకి వచ్చే పరాన్నజీవి. తట్టు ఒకసారి వస్తే మళ్లీ రాదని పెద్దలు అంటారు, అది చాలావరకు నిజమే. మలేరియాకు అలాంటి పూర్తి ఇమ్యూనిటీ రాదు. ఈ పరాన్నజీవి తన పైతొడుగును మారుస్తూ ఉంటుంది. ఒక రూపాన్ని గుర్తుపట్టేలోపు ఇంకో రూపంలో వస్తుంది. అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న చోట పిల్లలకు మళ్లీ మళ్లీ జ్వరం వస్తుంది. కొన్నేళ్లకు అరకొర ఇమ్యూనిటీ వస్తుంది. జ్వరం తగ్గుతుంది గానీ రక్తంలో పరాన్నజీవి ఉంటూనే ఉంటుంది. ఒంట్లో యుద్ధం ఆగదు.

ఆ ఆగని యుద్ధం ఈబీవీకి మూడు విధాలుగా కలిసొస్తుంది.

మొదటిది, మలేరియా బి కణాలను విపరీతంగా పెంచుతుంది. అంటే వైరస్ దాక్కునే గదులు పెరుగుతాయి.

రెండోది, కాపలా సడలుతుంది. గాంబియాలో జరిగిన పరిశోధన 1984లో వెలువడింది. మలేరియా వచ్చినప్పుడు ఈబీవీ ఉన్న కణాలను అదుపు చేసే శక్తి టి కణాలకు తగ్గిపోతోందని అందులో తేలింది.

మూడోది, బి కణాలు మంచి యాంటీబాడీ కోసం తమ జన్యువులనే కత్తిరించి అతుకుతుంటాయి. ఈ పనికి వాటి దగ్గర ఒక ఎంజైము ఉంటుంది. యుద్ధం ఎంత ఎక్కువ కాలం సాగితే ఈ కత్తెర అంత ఎక్కువ పనిచేస్తుంది, పొరపాటున పక్క జన్యువునూ కత్తిరించే అవకాశం పెరుగుతుంది. బర్కిట్ లింఫోమాలో జరిగేది అదే. కణం పెరుగుదలను నడిపే మిక్ అనే జన్యువు తన చోటు నుంచి తెగి, తప్పు చోట అతుక్కుంటుంది. ఇక ఆ కణం ఆగకుండా విడిపోతూ పోతుంది. దీర్ఘకాలం మలేరియా ఉన్న ఎలుకల్లో ఇలాంటి పొరపాట్లు పెరుగుతాయని 2015లో చూపించారు.

ఇవన్నీ చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం, తీవ్రంగా వ్యాపించే ప్రాంతాల్లోని ఫాల్సిపారం మలేరియాను "బహుశా కేన్సర్‌కు కారణం కాగలది" అనే వర్గంలో చేర్చింది. "బహుశా" అన్న మాట గుర్తుంచుకోండి. ఆ ప్రాంతాల్లో కూడా మలేరియా వచ్చిన పిల్లల్లో అతి కొద్దిమందికే ఈ కేన్సర్ వస్తుంది. ఒక్క వైరస్ చాలదు, ఒక్క మలేరియా చాలదు. రెండూ కలవాలి, ఆపైన జన్యువులో ఆ పొరపాటు జరగాలి.

కడుపులో పురుగుల మీదా ఇలాంటి పరిశోధన జరుగుతోంది. ఈబీవీకి చుట్టమైన ఒక వైరస్‌ను ఎలుకల్లో పరీక్షించారు. పురుగులు పడితే ఇమ్యూనిటీ వాటి వైపు తిరిగి, నిద్రపోతున్న వైరస్ మేల్కొంటోందని 2014లో తేలింది. నులిపురుగుల మాత్ర వేస్తే కేన్సర్ రాదని దీని అర్థం కాదు. ఒక ఇన్ఫెక్షన్ ఇంకో ఇన్ఫెక్షన్ మీద ఉన్న కాపలాను మార్చగలదని మాత్రమే.

మన హైదరాబాద్ వాటా

మలేరియా దోమ ద్వారా వస్తుందనే విషయం బయటపడింది మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. ఒక్కో దోమ కాటుకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చారు. నోబెల్ బహుమతి రాస్‌కు వచ్చింది. హుస్సేన్ ఖాన్ పేరు మన పిల్లలకైనా తెలియాలి.

వైరస్ వల్ల వచ్చే ఇంకో కేన్సర్‌ను అడ్డుకునే పనిలోనూ ఈ నగరానికి వాటా ఉంది. హెపటైటిస్ బి వైరస్ ఏళ్ల తరబడి కాలేయంలో ఉండిపోతే కాలేయ కేన్సర్‌కు దారితీయొచ్చు. దీనికి టీకా ఉంది. 1997లో హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ దీన్ని దేశంలోనే తయారుచేసి తక్కువ ధరకు తెచ్చింది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు వేయించాలి. ఆడవాళ్లకు వచ్చే గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. దానికీ టీకా ఉంది. ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే బాగా పనిచేస్తుంది. ఈబీవీకి మాత్రం ఇంకా టీకా రాలేదు.

ఇంట్లో ఏం గుర్తుంచుకోవాలి?

మన దగ్గర బర్కిట్ లింఫోమా అరుదు. వచ్చినా దవడలో కంటే కడుపులో గడ్డగా కనిపించడం ఎక్కువ. పిల్లలకు దవడ, మెడ, కడుపులో వేగంగా పెరిగే గడ్డ కనిపిస్తే పంటి నొప్పి అనో, దిష్టి అనో వారాలు గడపొద్దు. వెంటనే డాక్టర్‌కు చూపించండి. వేగంగా పెరిగే ఈ కేన్సర్ మందులకూ అంతే వేగంగా లొంగుతుంది. సకాలంలో పూర్తి చికిత్స అందిన పిల్లల్లో ఎక్కువమంది కోలుకుంటున్నారు.

ఇక ఆ పళ్లెం సంగతి. కేన్సర్ మందులు వాడేటప్పుడు పిల్లల తెల్ల కణాలు పడిపోతాయి. మన చేతి మురికి, మన జలుబు వాడికి ప్రమాదం కావచ్చు. అందుకే ఆ రోజుల్లో వాడి ప్లేటు, గ్లాసు శుభ్రంగా వేరే ఉంచమని డాక్టర్ చెప్పొచ్చు. అలా చెబితే తప్పక పాటించండి. కానీ అది వాడి నుంచి మనల్ని కాపాడుకోవడానికి కాదు, మన నుంచి వాణ్ణి కాపాడటానికి. ఈ మాట వాడి పక్కనే కూర్చుని, వాడికి చెప్పి మరీ ప్లేటు పెట్టండి. దస్తర్‌ఖాన్ మీద వాడి చోటు మాత్రం మార్చొద్దు.