మగవారికీ ఓ మొగలి చుక్క

గుంటూరు మిర్చియార్డు పక్కగా వెళ్తే ముందు పలకరించేది ఘాటు. ఆ వెంటనే తుమ్ము! పత్తి, మిరప పండే ఈ నేల మీద మగవాళ్లు పూల పరిమళం పూసుకోవడమా అంటే చాలామంది నవ్వేస్తారు. 'పూలు ఆడవాళ్లకు కదా' అంటారు. చరిత్ర మాత్రం మరోలా చెబుతోంది.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సుంకాల పట్టిక ఉంది. అందులో గంధం, కర్పూరం, పన్నీరు, జవ్వాది కనిపిస్తాయి. 14వ శతాబ్దం చివర్లో కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డి అయితే వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లించి 'కర్పూర వసంతరాయలు' అనిపించుకున్నాడు. ఆ సుగంధ ద్రవ్యాలు తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయ్య శెట్టి. శ్రీనాథుడి 'హరవిలాసం' అంకితం పుచ్చుకున్నది ఆయనే!

పరిమళం మగపువ్వుదే

ఇప్పుడు పెద్ద కంపెనీలూ మగవాళ్ల కోసం పూల సెంట్లు తెస్తున్నాయి. 2005లో వచ్చిన 'డియోర్ ఓమ్'లో ప్రధానంగా వినిపించేది ఐరిస్ పరిమళం. అంత దూరం ఎందుకు... మన కోస్తా ఇసుక నేలల్లో పెరిగే మొగలి ఉండనే ఉంది. మొగలిలో ఆడ చెట్లు, మగ చెట్లు వేరువేరు. జడల్లో తురుముకునే, చీరల పెట్టెల్లో దాచుకునే ఆ రేకుల గుబాళింపు మగ పువ్వుదే. ఆడ చెట్టుకు అనాసను పోలిన కాయలు కాస్తాయి.

మొగలి అత్తరుకు పేరు ఒడిశాలోని గంజాం జిల్లా. అక్కడ రాగి పాత్రల్లో పూలను నీటితో మరిగించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పడతారు. తేనెలాంటి తీపి, పచ్చి ఆకు వాసన, చివర్లో కాస్త ఘాటు... అదీ దాని తీరు. కొందరికి మాత్రం బిర్యానీ గుర్తుకు రావచ్చు. అందులో వేసే కేవ్‌డా నీళ్లు కూడా మొగలివే మరి!

ఎలా చూడాలి?

* మిరపకాయలు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కున్నాకే సీసా మూత తీయండి.

* మణికట్టు మీద ఒక్క చుక్క చాలు. రుద్దకండి.

* పూసిన వెంటనే నచ్చిందనో నచ్చలేదనో తేల్చేయొద్దు. మొదట గుప్పున కొడుతుంది. అరగంట ఆగితే గంధం బయటపడుతుంది.

* ఏసీ దుకాణంలో బాగున్నది ఎండలో అలాగే ఉండదు. వేడికి పరిమళం త్వరగా ఎగిరిపోతుంది, చెమటతో కలిసి మారుతుంది. కాసేపు బయట తిరిగొచ్చి చూడండి.

* ఒకేసారి నాలుగైదు రకాలు చూస్తే ముక్కు మొద్దుబారుతుంది. రెండు చాలు.

* చర్మం సున్నితమైతే మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒకరోజు ఆగండి. దురద, మంట ఉంటే వద్దు.

* అత్తరు నూనె కాబట్టి తెల్ల చొక్కాకు తగిలితే మరక పడుతుంది. ఒంటికే రాసుకోండి.

* చవగ్గా దొరికే వాటిలో చాలావరకు రసాయనాలతో చేసినవే. అడిగి కొనండి.

ఎంత పూయాలన్న దానికి లెక్క ఒక్కటే. పక్కన కూర్చున్నవాళ్లకు తెలియాలి, ఎదురింటివాళ్లకు కాదు!