బండల పక్కన బాట, చెరువు ఒడ్డున చోటు

వారం పొడవునా కార్ల హారన్లతో మోగిపోయే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ ఆదివారం తెల్లవారుతుండగానే సైకిళ్ల చేతికొస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు పక్కన, సోలార్ పలకల నీడలో సాగే సైకిల్ ట్రాక్‌లో ఒక పాయ మొదలయ్యేది ఇక్కడే. ఇది పోలీస్ అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు. నార్సింగి నుంచి కొల్లూరు వైపు సాగే రెండో పాయ 14.5. మొత్తం 23 కిలోమీటర్లు. 2022 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగితే 2023 అక్టోబరు 1న తొక్కేవాళ్లకు అందుబాటులోకి వచ్చింది. ప్రభుత్వ పనుల్లో ఇంత వేగం అరుదే!

వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైకప్పు ఎండను ఆపడమే కాదు, 16 మెగావాట్ల కరెంటు తీసే సామర్థ్యంతో కట్టారు. దక్షిణ కొరియాలో డేజన్, సేజాంగ్ నగరాల మధ్య ఉన్న బాట దీనికి నమూనా. అయితే అక్కడ సైకిళ్లు హైవే నడుమ పోతాయి. ఇక్కడ రోడ్డుకు ఒక పక్కగా పోతాయి కాబట్టి ఎక్కడం, దిగడం తేలిక.

సైకిల్ వద్దు, కాళ్లకే పని చెప్తామనేవాళ్లకు దగ్గర్లోనే ఖాజాగూడ గుట్టలున్నాయి. ఈ ప్రాంతపు గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఇంత పాతరాయి ఆఫీసు అద్దాల్లోంచి కనిపించే నగరాలు ఎన్నుంటాయి? ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, వాటి సందుల్లో ఇరుకు దారులు, ఫక్రుద్దీన్ గుట్టగా పేరు తెచ్చిన దర్గా. తాళ్లు కట్టుకుని బండలెక్కడం నేర్చుకునేవాళ్లూ వస్తుంటారు. క్వారీలు, వెంచర్లు ఇలాంటి బండల్ని మింగేస్తున్నాయనే 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పుట్టింది.

గుట్టకు సిమెంటు మెట్లు, రెయిలింగులు పెట్టాలనడం తెలివితక్కువ పని. రాయిని రాయిగానే ఉండనివ్వాలి. అలాంటప్పుడు మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లకు, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు మిగిలేది చదునైన చోట్లే. సైకిల్ బాట, చెరువు గట్టు, పార్కు. వాటిలోనైనా వాళ్లకు అడ్డు ఉండకూడదు.

చెరువులకు కొదవ లేదు. గోల్కొండ కోటకు ఒకప్పుడు నీళ్లిచ్చిన దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరు నుంచి తీగల వంతెన వెలుగుతోంది, ఒడ్డున నడక దారి ఉంది. పడమటి వైపు గండిపేట. 1908 మూసీ వరదల తర్వాత, 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్ అదే. దాని ఒడ్డున 2022లో ల్యాండ్‌స్కేప్ పార్కు తెరిచారు.

దివ్యాంగులకు సైకిలెందుకని ఎవరికైనా అనుమానం వస్తే ఈ నగరంలోనే జవాబుంది. రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న హైదరాబాదీ ఆదిత్య మెహతా 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రజతాలు గెలిచారు. ఆయన పేరిట నడిచే ఫౌండేషన్ ఎందరో పారా క్రీడాకారులకు శిక్షణ ఇస్తోంది. చేతులతో తిప్పే మూడు చక్రాల సైకిల్‌కు నాలుగున్నర మీటర్ల వెడల్పు చాలు. చిక్కంతా ట్రాక్ దగ్గరికి చేరడంలోనే. బైకుల్ని ఆపడానికి పాతే ఇనుప స్తంభాలు వీల్‌చైర్‌నూ ఆపేస్తాయి. అరడుగు కాలిబాట అంచు చాలు, ఇంకొకరి సాయం లేకుండా దాటలేరు. ర్యాంపు ప్రమాణం ఒకటికి పన్నెండు. అంటే అరమీటరు ఎత్తెక్కాలంటే ఆరు మీటర్ల వాలు కావాలి. అంతకన్నా నిటారుగా కడితే అది ఫొటోకే పనికొస్తుంది.

మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ ఇకపై ఏ చెరువు పార్కు తెరిచినా, రిబ్బను కట్ చేసే ముందు వీల్‌చైర్ వాడే ఇద్దరు ముగ్గుర్ని పిలిచి పార్కింగ్ నుంచి నీళ్ల అంచు దాకా వాళ్లంతట వాళ్లనే వెళ్లి చూడమనాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ బిల్లు ఆపాలి.