అందఱు బిడ్డలకు నొకటే పాఠమా?

ఒక్క తల్లి కన్న యిద్దఱు బిడ్డలలో నొకడు పదవనెలలో నడచును. రెండవవాడు పదునైదవనెల వచ్చువఱకు గోడ విడువడు. ఆలస్యముగా నడచినవానిని ఏ తల్లియు కుంటివాడని నిందింపదు. వ్రేలందించును; తన యడుగును వాని యడుగునకు సరిపడునట్లు కుదించుకొనును; వాడు పడినచోట నేలను కొట్టి వానిని నవ్వించును. ఆ తల్లియే, బిడ్డకు బడిలో చేరిన మూడు మాసములలో గుణింతము పట్టుబడకున్నచో, "వీనికి చదువబ్బదమ్మా" యని పొరుగింటి యిల్లాలితో ననును. నడకకు నిచ్చిన గడువు చదువునకేల యీయరాదు? అడుగు కుదించుకొన నేర్చిన తల్లికి పాఠము కుదించుకొనుట కష్టమా?

ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీనిపై నెందఱో బిడ్డల బ్రతుకులు ఆధారపడియున్నవి. రెండవతరగతిలో అక్షరములు కూడబలుకుకొని చదువలేని పిల్లవానికి మూడవతరగతి వాచకము తెఱచుటయే భయము. అక్కడినుండి ప్రతి పాఠమును, వాడు చదువగలడను నమ్మకముతోనే వ్రాయబడియుండును. వానికి లెక్క వచ్చినను లెక్కలోని ప్రశ్నను చదువలేడు. అయిదవతరగతికి వచ్చుసరికి అల్లరియైనను నేర్చును, మూగనోమైనను పట్టును. ఆడపిల్లయైనచో నింకను కష్టము. "దానికెటులో చదువు రాదుగదా" యను మాట, చంటిబిడ్డ నెత్తుకొనుటకును వంటింట సాయమునకును దానిని నిలుపుకొనుటకు చక్కని సాకగును.

భవభూతి యుత్తరరామచరితము రెండవయంకమున ఆత్రేయి యను తాపసి యున్నది. ఆమె వాల్మీకి యాశ్రమమును విడిచి దండకారణ్యమునకు వచ్చినది. కారణమడుగగా, కుశలవుల ప్రజ్ఞ మిక్కుటమగుటచే వారితో కూడి చదువుట తనవంటివారికి పొసగలేదనుట అందొకటిగా చెప్పును. గురువు తెలివిగలవానికిని మందమతికిని విద్యను సమానముగనే యొసగును, ఫలమున మాత్రము భేదము కలుగును, మణి ప్రతిబింబమును గ్రహించినట్లు మట్టిగడ్డ గ్రహింపజాలదు అని యామె తాత్పర్యము. ఇది పండితులు తఱచుగా నుదాహరించు మాటయే. కాని యిచ్చట మనమొక సంగతి గమనింపవలెను. తరగతి వేగము తనకు సరిపడక గురుకులము విడిచిన యీ విద్యార్థిని, చదువు మాని యింట కూర్చుండలేదు. అగస్త్యాది మహర్షులకడ వేదాంతము నేర్చుటకై యడవులు దాటి పోవుచున్నది. వేదాంతమునకు బయలుదేరినయామె మట్టిగడ్డ యెట్లగును? ఆమెకు కొఱవడినది బుద్ధి కాదు, తనకు తగిన పాఠము.

మట్టిగడ్డలో ప్రతిబింబము కనబడదనుట నిజమే. కాని మణిపై వ్రేలితో నొక్కి చూడుడు, గుఱుతు పడదు. తడిపిన మట్టిపై నొక్కుడు, వ్రేలి గీతలతో సహా నిలుచును. అద్దము చూపినట్లు చూపి "గ్రహించితివా?" యని యడుగుట యొక బోధన, నీరు పోసి, మెదిపి, చేతితో మలచుట మఱియొక బోధన. అందఱకు సమానముగా నిచ్చుట ధర్మమే. అందఱకు నొకే తీరుగా నిచ్చుట సమానత్వము కాదు. ఆకలిగొన్న యిద్దఱిలో పండ్లున్నవానికిని పండ్లురాని పసిబిడ్డకును మినుపసున్నియే పెట్టుట వడ్డనయగునా?

మన పూర్వపు వీధిబడులలో నీ విషయమున నొక మేలుండెడిది. అందఱు నొకే దినమున నొకే పుట తెఱవనక్కఱలేదు. ఒకడు ఇసుకలో ఓనమాలు దిద్దుచుండగా, మఱొకడు గుణింతము, వేఱొకడు ఎక్కములు వల్లించుచుండెడివారు. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పెడివారు. చెన్నపట్టణమున అనాథబాలుర శరణాలయమును నడపిన ఆండ్రూ బెల్ అను దొర, పిల్లలు ఇసుకలో వ్రాయుటను తన బడిలో ప్రవేశపెట్టి, పిల్లలచే పిల్లలకు చదువు చెప్పించు పద్ధతినిగూర్చి 1797లో లండనులో గ్రంథము ప్రకటించెను. ఐనను వీధిబడిని మితిమీఱి పొగడరాదు. కోదండము వేయుటయు గుంజీలు తీయించుటయు నచ్చటనే యుండెను. అనేక కులముల బిడ్డలకును, ఆడుపిల్లలలో పెక్కండ్రకును దాని గడప దాటు భాగ్యమే లేకుండెను. దాని క్రౌర్యమును విడిచి, ఎవరి యడుగు వారు వేయు వెసులుబాటును మాత్రము గ్రహింపవలెను.

ఇప్పుడు చట్టమును ఆ మాటయే చెప్పుచున్నది. 2009లో శాసనమై 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టపు 24వ విభాగము, ఉపాధ్యాయుడు ప్రతి బిడ్డ నేర్చుకొను శక్తిని పరిశీలించి, అవసరమైనచో నందుకు తగిన యదనపు బోధన చేయవలెనని విధించినది. 17వ విభాగము బిడ్డలను కొట్టుటను, మనసు నొచ్చునట్లు బాధించుటను నిషేధించినది. కాని యా చట్టపు లెక్కప్రకారమే, అయిదు తరగతుల ప్రాథమికపాఠశాలలో 60మంది వఱకు పిల్లలున్నచో ఇద్దఱు ఉపాధ్యాయులు. ఇద్దఱు మనుష్యులు అయిదు తరగతులను, ఒక్కొక్క తరగతిలో నాలుగు మెట్లలోనున్న బిడ్డలను ఏకకాలమున నెట్లు చూడగలరు? బడిపంతులుగారి యింట కాపురము చేయుచున్న మేము, ఈ ప్రశ్న రాత్రి భోజనమువేళ విస్తరిముందుకు వచ్చుట నెఱుగుదుము. కావున నిది యుపాధ్యాయునిపై నేరము మోపి తప్పించుకొనవలసిన విషయము కాదు.

దీనికొక మార్గము మన సీమలోనే కనుగొనబడినది. మదనపల్లె సమీపమున జిడ్డు కృష్ణమూర్తిగారి ఋషివ్యాలీ విద్యాసంస్థవారు చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులు పెట్టిరి. వయస్సుల భేదముగల పిల్లలకెల్ల ఒక్క గదియే. అందుచేత వారు పాఠమును చిన్నచిన్న తునుకలుగా విడగొట్టి, బొమ్మలతోడి చీట్లుగా చేసిరి. గోడమీద నిచ్చెనవంటి పటము వ్రేలాడును. ప్రతి బిడ్డయు తానెక్కిన మెట్టు చూచుకొని, తరువాతి చీటిని తానే తీసికొనును. క్రొత్త సంగతి నేర్చువారు ఉపాధ్యాయునికడ, అభ్యాసము చేయువారు తోటిపిల్లలకడ, పట్టుబడినవారు తమంత తాము కూర్చుందురు. ఇట్టి బడిలో, వేరుసెనగ పీకుటకై పదిదినములు పొలమునకు పోయిన పిల్లవాడు తిరిగి వచ్చినప్పుడు, తరగతి తన్ను విడిచి ముందుకు సాగినదని యేడ్వనక్కఱలేదు. తానెక్కడ నిలిచెనో యక్కడినుండియే యెక్కును. 2003లో చెన్నపట్టణపు కార్పొరేషను పాఠశాలలు తమ పద్ధతిని మార్చుకొన్నప్పుడు ఈ బడులనుండియే పాఠము నేర్చుకొన్నవి.

ఇక బిడ్డలు తడబడు తావుల నించుక చూతము. మొదట మన లిపి. వ, ప, మ, య, ద, ధ ఇవి చూపునకు చాల దగ్గఱవి. వత్తులు మఱొక చిక్కు. గ, చ, డ, ద లకు తలకట్టు తీసి చిన్నదిగా వ్రాసిన వత్తగును. త, న, మ, య, ర, ల లకో, వత్తుయొక్క రూపమే వేఱు. విచిత్రమేమన, బిడ్డకు ప్రియమైన మాటలన్నియు నీ రెండవజాతివే: అమ్మ, నాన్న, అయ్య, అత్త, పిల్ల. నోట మొదట వచ్చిన మాట చేతికి చివర వచ్చుచున్నది. ఒకనికి రెండుసార్లు చూచిన చాలును. మఱొకనికి వ్రేలికి తగిలినగాని యా రూపము మనస్సునకెక్కదు. 1939లో అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చిన మరియా మాంటిసోరి గరుకుకాగితముతో కత్తిరించిన అక్షరములను బిడ్డలచే తడిమించెడిది. మన యింట పళ్లెములో పోసిన బియ్యపురవ్వ చాలును.

లెక్కలోను నిట్లే. 42లో 17 తీసివేయునప్పుడు "అప్పు తెచ్చుకొనుట" యనగా నేమియో చాలమంది బిడ్డలకు తెలియదు. మాట మాత్రము వల్లింతురు. చీపురుపుల్లలు పదేసి కట్టలుగా నాలుగును, విడిగా రెండును పెట్టుడు. ఏడు తీయుటకు రెండు చాలవు. బిడ్డయే యొక కట్ట విప్పును. ఆ విప్పినదే యప్పు. ఒకనికి వారము దినములు పుల్లలు కావలెను, మఱొకనికి నెల కావలెను. ఎవనికైనను తనకు తానే పుల్లలు విడుచు దినము వచ్చును. త్వరగా నేర్చినవానికి నదేరకపు లెక్కలింక పది యిచ్చుట బహుమానము కాదు, శిక్ష. వానిచే క్రొత్త లెక్క కట్టించుడు. పాలచీటి లెక్క చూపించుడు. చురుకైన బిడ్డకును తగిన పాఠము కావలెనని మనము మఱతుము.

భాషాభేదము మఱియొకటి. ఇంట సవరయో కోయయో లంబాడీయో పలుకు బిడ్డకు బడిలో తెలుగు వినబడిన, అది మౌనమగును. ఆ మౌనమును మనము మాంద్యమనుకొందుము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తిపంతులుగారు బిడ్డలను నిందింపక, తామే సవరభాష నేర్చి, సవరలకు బడులు పెట్టి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశమున ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమికబోధన యారంభించుట యా దారిలోనిదే.

కొందఱకు శరీరమే యడ్డగును. నల్లబల్ల చూడక ప్రక్కవాని పలకచూచి వ్రాయు బిడ్డకు కన్ను పరీక్షింపింపవలెను. ముఖము చూచినప్పుడే బదులిచ్చువానికి చెవి పరీక్షింపింపవలెను. ఎడమచేత వ్రాయువానిని కుడిచేతికి మార్పనక్కఱలేదు. మాటలో తెలివి మెఱయుచు, కన్ను, చెవి బాగుండియు, సంవత్సరములు గడచినను చదువు మాత్రము పట్టుబడని పిల్లలు గలరు. ఇది సోమరితనము కాదు. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇట్టి యభ్యసనవైకల్యమును గుర్తించినది. అట్టివానికి ధ్వనికి ధ్వని, అక్షరమున కక్షరము జతచేసి మెల్లగా, దినదినమును చెప్పవలెను. ఈలోపల కథలు చదివి వినిపింపవలెను, నోటితో జవాబు చెప్పనీయవలెను. చదువు రాకున్నంతమాత్రాన జ్ఞానమునకు దూరము చేయరాదు.

ఇచ్చట నొక హెచ్చరిక. వీడు కన్నుతో నేర్చువాడు, అది చెవితో నేర్చునది యని బిడ్డలకు ముద్రలు వేయుట యీ నడుమ వాడుకయైనది. 2008లో అమెరికాలోని నలుగురు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఈ వాదమును పరిశీలించి, దానిని బట్టి పాఠము మార్చుటకు తగిన యాధారము లేదని తేల్చిరి. చూచుట, వినుట, తాకుట యెల్లరకు మేలే. భేదము ముఖ్యముగా నెక్కడ నున్నదనగా, ఎవడే మెట్టుపై నిలిచెను, వానికే సాయము కావలెను అనుటలో నున్నది. అట్లే, మెట్టునుబట్టి కూర్చుండబెట్టిన జట్టు ఆ గంటకు మాత్రమే. ఏడాది పొడుగున నుంచినచో నది జట్టు కాదు, క్రొత్త కులమగును.

సోదరీమణులు చేయదగినది స్వల్పమే. ఒక కాగితముపై కొన్ని యక్షరములు, కొన్ని చిన్నమాటలు, నాలుగు వాక్యములు, ఒక చిన్నకథ వ్రాయుడు. 2005నుండి అసర్ పరిశీలనలో పల్లెపల్లెకు పోయి బిడ్డల చదువు చూచువారి పరికరమును నిట్టిదియే. బిడ్డ యెక్కడ తడబడునో, దానికొక మెట్టు క్రిందినుండి దినమునకు పావుగంట కూర్చుండుడు. అన్నతో తమ్ముని పోల్పకుడు. "కన్నులు వదలి యెక్కడనైనను కొట్టండి పంతులుగారూ" యని యప్పగించుట మాని, "మావాడు మాటలు చదువును, వత్తులకడ ఆగును" అని చెప్పుడు. అరువదిమందిని చూడవలసిన యుపాధ్యాయునికి ఆ యొక్క మాట పదిదినముల శ్రమ తగ్గించును.

వడ్డించునప్పుడు జబ్బుపడి లేచినవానికి చారన్నము, బడినుండి పరుగెత్తి వచ్చినవానికి గట్టి యన్నము, ముసలమ్మకు మెత్తని పప్పు పెట్టుట మన కెవరును నేర్పలేదు. ఎవరి విస్తరి చూచి వారికి వడ్డించు నీ నేర్పు మన చేతిలోనిదే. చదువు చెప్పునప్పుడును దానిని విడువకున్నచో, "మొద్దు" అను మాట మన యిండ్లనుండి వెడలిపోవును; ఆ మాటక్రింద నణగియున్న బిడ్డ లేచి నిలుచును.