పాత గాజుపాత్రను గుర్తించుట

పెద్దల పెట్టెలోనో, పాతసామానుల యంగడిలోనో పుట్టుపూర్వోత్తరములు తెలియని గాజుగిన్నె దొరకినపుడు, దానిని వంటింట వాడుటకు ముందు పరీక్షింపవలయును.

మొదట నగిషీపై వ్రేలు పోనిచ్చి చూడుడు. చెక్కిన గాజునకు అంచులు పదునుగా నుండును. అచ్చున నొత్తినదానికి అంచులు మొద్దువారియుండును. అచ్చు రెక్కలు కలిసినచోట సన్నని గీత కానవచ్చును.

పిమ్మట అడుగుభాగమును వెలుతురున పరికింపుడు. ఇంగ్లండున 1842 మొదలు 1883 వరకు నమోదైన నమూనాలకు వజ్రాకారపు ముద్ర యుండెడిది. దాని శిరమున రోమను అంకె మూడున్నచో అది గాజునకు గుర్తు. 1884 నుండి దానికి బదులు వరుససంఖ్య వచ్చినది. ఇవి నమూనా నమోదైన కాలమును దెలుపునే గాని, పాత్రను పోసిన కాలమును గాదు. నెమలితల ముద్ర గేట్స్‌హెడ్ పట్టణమందలి సవర్‌బీ కార్ఖానాది.

బరువుగా నుండి, మీటినంతనే ఖణీలున మ్రోగి చాలసేపు నిలుచునది సీసము కలిసిన గాజు కావచ్చును. అట్టిదానిలో నిమ్మరసము, ఊరగాయ నిలువయుంచరాదు. పులుపునకు సీసము మెల్లమెల్లగా దిగును. అది పసిపిల్లల బుద్ధివికాసమునకును, గర్భస్థశిశువునకును మిక్కిలి చేటు.

జాతి తెలియని పాత్ర ఎంత సొగసైనదైనను అలమారకు అలంకారమగుటయే మేలు.