సంతకం పెట్టిన చేతిదే బాధ్యత



లాడ్ బజారులో లక్క గాజులు కొనేటప్పుడు రంగు చూస్తాం, చేతికి సరిపోయిందా అని చూస్తాం, బేరమాడతాం. దుకాణం బోర్డు మీద పేరు చివర “ప్రైవేట్ లిమిటెడ్” అని ఉందా లేదా అని చూడం. కొనేవారికి ఆ అవసరమూ లేదు. కాని ఆ బోర్డు మన ఇంటివారిదే అయితే మాత్రం ఆ రెండు మాటల అర్థం మనం తెలుసుకు తీరాలి.

పాతబస్తీలో చాలా దుకాణాలు ఒక్క యజమాని పేరునో, భాగస్వాముల పేరునో నడుస్తాయి. వాటికి నేను చెప్పబోయేది వర్తించదు. మామూలు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి మాత్రం కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి. ఒకరు ఇంటాయన. రెండోవారు? “సంతకమే గదా, పెట్టు” అంటారు. తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని పెట్టేస్తాం. ఆ సంగతి మనం మరిచిపోయినా చట్టం మరిచిపోదు.

కంపెనీ ఏటా రెండు పత్రాలు రిజిస్ట్రారుకు దాఖలు చెయ్యాలి. ఒకటి ఆడిట్ అయిన లెక్కలు. దాని ఫారం ఏఓసీ-4. రెండోది వాటాదారులెవరు, డైరెక్టర్లెవరు అని తెలిపే వార్షిక రిటర్ను. చిన్న కంపెనీలకు దాని ఫారం ఎంజీటీ-7ఏ. మన రిజిస్ట్రారు కార్యాలయం నాగోలు దగ్గరి బండ్లగూడలో ఉన్నా అంతదూరం పోనక్కరలేదు. దాఖలంతా కంప్యూటరు మీదనే.

మార్చి 31తో లెక్కల సంవత్సరం ముగుస్తుంది. సెప్టెంబరు 30 లోగా వార్షిక సర్వసభ్య సమావేశం జరపాలి. అది జరిగిన 30 రోజులలో లెక్కలు, 60 రోజులలో రిటర్ను వెళ్లాలి. అంటే ఇంచుమించు బతుకమ్మ, దీపావళి రోజులన్నమాట. గాజుల బేరం జోరుగా సాగేదీ అప్పుడే కనుక మరిచిపోయేదీ అప్పుడే!

ఆలస్యమైతే ఏమవుతుంది? 2018 జులై నుంచి ఒక్కొక్క ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము. “వందేగా” అనకండి. 300 రోజులు ఆలస్యమైతే ఒక ఫారానికి 30 వేలు, రెండింటికీ కలిపి 60 వేలు. దీనికి గరిష్ఠ పరిమితి లేదు. ఏడాదంతా ఒక్క గాజు అమ్మకపోయినా దాఖలు చెయ్యవలసిందే.

ఇది రుసుము మాత్రమే. జరిమానా వేరు. దాన్ని కంపెనీ మీదా, డైరెక్టర్ల మీదా విడివిడిగా వెయ్యవచ్చు. చిన్న కంపెనీలకు అందులో సగానికి మించదు. నోటీసు వస్తే భయపడి బీరువాలో దాచకండి. నోటీసు జారీ అయిన 30 రోజులలోగా ఆ పత్రాలు, అదనపు రుసుముతో సహా, దాఖలు చేస్తే ఈ జరిమానా వెయ్యరాదని చట్టమే చెబుతున్నది.

వరుసగా మూడేళ్లు దాఖలు చెయ్యకపోతే డైరెక్టరు అనర్హురాలవుతుంది. ఐదేళ్లపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా నియమించరాదు. రేపు మీరే సొంతంగా కుట్టుపని కంపెనీ పెట్టుకోవాలన్నా ఆ పాత సంతకం అడ్డం వస్తుంది. 2017లో దేశంలో 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు రిజిస్టరు నుంచి కొట్టేశారు. పేరు కొట్టేసినంత మాత్రాన డైరెక్టర్ల బాధ్యత తీరదు. 2018లో, 2020లో ప్రభుత్వం ఆలస్యాన్ని మన్నించే పథకాలు తెచ్చిన మాట నిజమే. అటువంటిది మళ్లీ వస్తుందని కూర్చుంటే రోజుకు వంద చొప్పున పెరుగుతూనే ఉంటుంది.

మరి మనమేం చెయ్యాలి? ఏటా దీపావళి దీపాలు పెట్టేముందు ఇంటాయనను ఒక్కమాట అడగండి: “లెక్కలు దాఖలయినాయా? రసీదు ఏదీ?” పోట్లాటగా కాదు, పాలవాడి లెక్క అడిగినంత మామూలుగా అడగండి. రసీదులు ఒక ఫైలులో పెట్టండి. వ్యాపారం నడవడం లేదంటే ఊరికే వదిలెయ్యకండి. చార్టర్డ్ అకౌంటెంటును అడిగి, అప్పులు తీర్చి, కంపెనీని పద్ధతిగా మూయించండి.

పేరుకే డైరెక్టరునని మనం అనుకోవచ్చు. చట్టంలో అటువంటి పదవి లేదు. సంతకం పెట్టే ముందు చదవండి. పెట్టాక ఏటా అడగండి.