తాండూరు కందికి దారి పక్కనే మార్కెట్

వీడియోలో చెప్పిన 'మిచి నో ఎకి' అంటే జపాన్ పల్లె దారుల పక్కనుండే స్టేషన్లు. 1993లో మొదలై ఇప్పుడు 1,200 దాటాయి. పార్కింగ్, టాయిలెట్లు 24 గంటలూ ఉంటాయి. చాలాచోట్ల రైతే పొద్దున్నే సరుకు తెచ్చి, తన పేరు, తన ధర వేసుకుంటాడు. అమ్మిపెట్టినందుకు స్టేషన్ కమీషన్ తీసుకుంటుంది.

మన తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. కానీ యార్డులో కుప్ప పోశాక మందులు కొట్టని చేను ఏదో ఎవరికి తెలుస్తుంది? అనంతగిరికి సెలవురోజు బోలెడు కార్లొస్తాయి. నలుగురు రైతులం కలిసి ఒక షెడ్డు వేసి, నాపరాళ్ల అరుగు కట్టి, పప్పు పట్టించి ప్యాకెట్లు పెడదాం. దాని మీద పేరు, ఊరు, ధర రాద్దాం. జీఐ గుర్తు వాడాలంటే మాత్రం ముందుగా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ధర చెప్పేది మనమైతేనే మన కష్టానికి విలువ.